వాకిట్ల వేపమండలు

తొర్రూరు దగ్గరి ఒక ఊరు. తొమ్మిది రోజులుగా గడియ పెట్టి ఉన్న ఒక ఇల్లు, గుమ్మానికి వేపమండలు. లోపల కంప్యూటర్ ముందు రాజేందర్, తన తెలివి చూసుకుని తనే మురిసిపోయే మనిషి. బయట, పుట్టింటి నుంచి పరుగున వచ్చిన అతని భార్య అఖిల.

“కిటికీ కాడికి రా. ముందు మొఖం జూపియ్యి.”

“అఖిలా, జర మెల్లగ. నాకు ఆరింటిదాంకనే టైమున్నది.”

“మొఖం జూపియ్యిమంటున్న.”

“ఇగో. చూసినవా? పో ఇగ.”

“ఒక్క పొక్కు లేదు.”

“లేదు.”

“జరం?”

“లేదు.”

“మరి ఈ వేపమండలేంది? మరిపెడ బస్టాండ్ల మన ఊరి శారద కలిసి, మీ ఆయనకు అమ్మవారు పోసి తొమ్మిది రోజులాయె, నీకు తెల్వదా అన్నది. బస్సుల ఏడ్సుకుంట వచ్చిన. నీ ఫోనేమో బంద్!”

“ఫోన్ బియ్యం డబ్బల ఉన్నది. పని ఉన్నది, పదిరోజులు ఫోన్ చెయ్యకు అని మెసేజ్ పెట్టిన కద.”

“పని అన్నవు. అమ్మవారు అనలే.”

“పొయ్యంది ఎట్లంట? అరే, నీకు సమజ్ అయితలేదు. ఇంట్ల కూసొని కొలువు చేస్తే ఈ ఊర్ల కొలువనుకుంటరా? ‘ఇంట్లనే ఉంటివి కద’ అని ఒకలు గ్యాస్ బండ మొయ్యమంటరు, ఒకలు పింఛన్ పడ్డదా చూడుమంటరు. తలుపు మీద ‘పని నడుస్తున్నది, పిలవొద్దు’ అని రాసి పెట్టిన. ఏమైందో తెలుసా?”

“ఏమైంది?”

“అది ఏం రాసినవని అడిగెతందుకు నలుగురు తలుపు కొట్టిండ్రు.”

“నవ్వొస్తలేదు.”

“అందుకే వేపమండలు కట్టిన. తొమ్మిది రోజులు ఒక్కడు గడప తొక్కలె. రాసింది చదవరు గని మండలు చూస్తే ఉరుకుతరు. ఇగ ఈళ్లది ఒక దిమాకు!”

“నీది బాగున్నది దిమాకు. తల్లి పేరు పెట్టుకొని అబద్ధమాడే దిమాకు.”

“కొలువు పోతది అఖిలా.”

“ఏందీ?”

“మార్కెట్ల రైతులకు టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాం ఉన్నది కద, నేను రాసిందే. వెయ్యిల ఒకసారి ఒకటే నంబరు ఇద్దరికి పోతున్నది. ఎందుకు పోతున్నదో ఎవ్వనికి దొరుకుతలేదు. ఇయ్యాల ఆరింటి లోపల సరిచేసి పంపకపోతే ఇంటికే అన్నడు మా సారు.”

“గీ ముచ్చట నాకు చెప్పినవా?”

“చెప్తే నువ్వు గూడ గంటకోసారి అడుగుదువు, అయ్యిందా అయ్యిందా అని.”

“ఓహో. నేను గూడ గా నలుగుర్ల ఒకదాన్నే అన్నట్టు.”

“అట్ల గాదు. చూడు, ప్రోగ్రాం అంటే మొత్తం తలకాయల నిలబెట్టుకోవాలె. ఏది దేనికి ముడివడ్డదో, ఏది ముందు ఏది ఎన్క, అన్ని ఒక్కసారే కండ్ల ముంగట ఉండాలె. గంట పడ్తది అట్ల నిలబెట్టెతందుకు. గంతల ‘రాజేందరా, చక్కెరున్నదా’ అని పక్కింటి ఎల్లక్క అరుస్తది. అంతే. మొత్తం కూలుతది. మల్ల మొదటికెల్లి.”

“మా అమ్మ ఒడిల పసిదాన్ని పండవెట్టుకొని, మీద మంది లొల్లి పెడుతుంటె మిర్చి తొడిమెలు తీసింది నలభై ఏండ్లు. ఒక్క తొడిమె వదల్లె.”

“అది చేతుల పని.”

“చేతులకు మనసుండదా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని కాకుంటె ఊరిమీద పెట్టుడు.”

“పని అయ్యింది! నిన్న పొద్దుమూకంగ దొరికింది తప్పు. ఇద్దరు ఒకటేసారి అడిగితె, ఒకనికి రాసేలోపల ఇంకోనికి గూడ అదే నంబరు చూపిస్తున్నది. సరిచేసిన. ఆఖరి పరీక్ష ఒక్కటి నడుస్తున్నది, అది దాటంగనే పంపుడే.”

“దాటకపోతే?”

“దాటుతది. మూడోరోజు నుంచి ఎట్ల కూసున్ననో తెలుసా? చాయ్ పెట్టుకుంటే మీద పొర కట్టిందాంక యాది లేదు. ఆకలి లేదు, పొద్దు లేదు. అన్నిటికంటె ముచ్చట చెప్పనా? పక్కింటి పిండి గిర్ని లేదూ, గోడలు అదురుతయి కద దానికి?”

“ఆఁ.”

“రెండోరోజు నుంచి నాకు దాని సప్పుడే ఇనవడలే. చెవుల పక్కన గిర్ని నడుస్తుంటె ఇనవడలే! మనసు ఒక్కకాడ నిలిపితే గట్లుంటది. మా ఆఫీసుల ఒక్కనికి చేతగాదు గది.”

“గిర్ని నడవలే.”

“ఏంది?”

“తొమ్మిది రోజులాయె గిర్నికి తాళమేసి. గిర్ని నడిపే తన కొడుకుతోని ఎల్లక్కనే కొట్లాడి బంద్ పెట్టిచ్చింది. తల్లి ఉన్న ఇంటి పక్కన సప్పుడు వద్దన్నదట. ఊరోళ్లు పిండికి తొర్రూరు పోతున్నరు. బస్సుల పిండి మూట నా కాళ్లమీద పెట్టి బాలనర్సమ్మనే చెప్పింది ఇదంత. ఇంక ఇను. ప్రభుదాస్ అన్న చర్చిల మైకు గూడ పెడ్తలేడు. పిలగాండ్లను ఈ సందుల ఆడనిస్తలేరు. నీ ఏకాగ్రతట! నువ్వు మనసు నిలిపింది కాదు, ఊరంత నోరు మూసుకున్నది.”

“అది... అది ఆళ్ల మూఢనమ్మకం. నేను చెయ్యిమన్ననా?”

“థూ.”

“అఖిలా...”

“తిట్టబుద్ధి గూడ అయితలేదు నిన్ను. ఒక్కటి చెప్పు. ఈ మండలు ఇంత పచ్చగ ఎట్లున్నయి?”

“ఏమో. నేను ఒక్కసారే కట్టిన.”

“తొమ్మిది రోజుల కింద కట్టినయి ఇట్లుంటయా? ఎండలు చూస్తున్నవా?”

“నాకేం ఎరుక! తలుపు తియ్యలేదు కద నేను.”

“అంతే లే. ఇగ నీ బతుకు బజార్ల పడేది ఇప్పుడే. సందు మొగదల డప్పులోళ్లు నిలబడ్డరు. తొమ్మిదో రోజు కద, తల్లిని సాగనంపెతందుకు ఎల్లక్క బోనం ఎత్తింది. ఊరంత వస్తున్నది నీకు నీళ్లు పొయ్యనీకె. ఏ మొఖం పెట్టుకొని బయటికొస్తవో రా.”

“ఇప్పుడా? డప్పులు ఇప్పుడు కొడ్తరా? పరీక్షల ఏదన్న తప్పొస్తె మల్ల చూడాలె... ఆపు అఖిలా, జర ఆళ్లను ఆపు!”

“నేనా? ఏమని ఆపాలె? మా ఆయన తల్లి పేరు చెప్పి మిమ్మల్ని మోసం జేసిండు, మీరు పొండ్రి అనాల్నా?”

“ఎల్లక్క వస్తున్నది. మండలు పీకెయ్. జల్ది పీకెయ్!”

“నువ్వు కట్టినవి నేను పీకుడేంది!”

“ఏంది బిడ్డ అఖిలా, ఎప్పుడొచ్చినవు? గీ కిటికీ కాడ లొల్లేంది?”

“ఎల్లక్క, నీ కాళ్లు మొక్కుత. మాయినెకు అమ్మవారు పొయ్యలేదు. మీ అందరి నెత్తిన టోపి పెట్టిండు.”

“ఎరుకే బిడ్డ.”

“ఎరుకనా?”

“మొదటిరోజు పొద్దుగాలనే కోడిగుడ్డు పోపు వాసనొచ్చె. తల్లి ఉన్న ఇంట్ల పోపు పెడ్తరా ఎవలన్న? దొంగతనం గూడ సక్కగ రాదు వీనికి.”

“మరి ఎల్లక్క... మరి గిర్ని ఎందుకు...”

“గీనె మాట్లాడుతున్నడా లోపలికెల్లి? మండలు కట్టే ముందురోజు ఫోన్ల ఏడుస్తివి కద పిలగా, ‘సారూ, ఒక్క పదిరోజులియ్యుండ్రి, ఇంటిది నన్ను నమ్ముకొని ఉన్నది’ అని. నడిమిట్ల ఉన్నది ఒక్క గోడనే. కంప్యూటర్ పని అంటే ఈ ఊరు ఆగదు. తల్లి అంటే ఆగుతది. నువ్వు కట్టిన మండలు మూడోనాటికే ఎండి రాలినయి. దినాం పచ్చియి తెచ్చి కట్టింది ఎవలనుకున్నవు?”

“ఎల్లక్క, నేను...”

“నువ్వేం చెప్పకు. నోరు తెరిచి ఒక్కనాడు అడుగుతే ఏం పోయేది నీది? మమ్ముల పశులోలె చూస్తివి. సరే, తల్లితోని నేను మాట్లాడుకుంట. పని పంపినవా?”

“లేదక్క. ఇంకొక పావుగంట.”

“అఖిలా, నువ్వు జర నోరు ముయ్యి బిడ్డ. ఓ ఉప్పలయ్యా! డప్పులోళ్లను ఆడనే ఆగుమను. పిలగాని పని ఇంక కాలేదట.”