మొలాసిస్‌లో నానిన కార్బొరేటర్

పొద్దున పదిన్నరకు వేణు నిజామాబాద్ ఇంటి వాకిట్లో తాత భీమన్న వదిలివెళ్లిన పాత అంబాసిడర్ కారు బానెట్ ఎత్తి, కార్బొరేటర్ ఊడదీసి పాత పేపరు మీద పెట్టాడు. దాని అతుకుల నడుమ వేసే కొత్త ప్యాకింగులు తెప్పించాడు గాని, అంతకన్నా పెద్ద కార్బొరేటరే ఎక్కిస్తే ఎలా ఉంటుందని పైకే అన్నాడు. తాత పోయి చాలా ఏండ్లయింది. ఆయనతో పాటు బోధన్ దగ్గర చెరుకు పండించిన రాజలింగు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“పెద్దదా? గీ మాట ఇనంగనే మీ తాత యాదికొచ్చిండు బిడ్డా. జర ఆ పానా కింద పెట్టు, ఇను. బోధన్ల గాజుల దుకాణం ముక్తార్ ఉంటుండె, మీ తాతకు జిగ్రీ దోస్తు. ఆయన బిడ్డ రుమానా పెండ్లి కుదిరింది. దుల్హా సమద్, ఈ నిజామాబాద్ పిలగాడే. మీ తాత మీసం దువ్వుకుంట, ‘దుల్హా నా కార్లనే వస్తడు ముక్తార్ భాయ్, పగటి నమాజు కంటె ముందుగాల నీ ఇంటి ముంగట దించుత’ అన్నడు. ముక్తార్ ఖుషీల ఊరంత చెప్పిండు. ఇగ గా కారేమో ఒకటే దగ్గు. మా ఇంటామె అననే అన్నది, ‘దానికి మిరియాల కషాయం పొయ్యుండ్రి’ అని. ఆమె చేసే కషాయం ఉంటుండె సూడు... ఆఁ, ఏడిదాక వచ్చిన? కార్బొరేటర్. అప్పుడు చక్కెర ఫ్యాక్టరీ నడుస్తుండె గద. అండ్ల మిగిలే మొలాసిస్, నల్లగ, పాకం లెక్క, డబ్బాలల్ల తెచ్చుకుంటుంటిమి. నీళ్లు కలిపి తుప్పు పట్టిన నాగలి కర్రు నానేస్తె తుప్పంత ఇడిసి తళతళ మెరుస్తుండె. మీ తాత ఏం జేసిండు? కార్బొరేటర్ గూడ గండ్లనే ముంచిండు! అరే, కర్రు ఇనుము, ఇది ఇనుము గాదాయె. ఎవలన్న చెప్తె ఇంటడా? ‘నీకేం ఎర్క లింగూ, దీని కడుపు కడుగుతున్న’ అన్నడు. తీసి సూస్తె పురుగు కొట్టిన వంకాయ! అంత తూట్లే. ఈగలొక దిక్కు, చీమలొక దిక్కు. మీ నాయనమ్మ ‘ఇగ కారుకు ఆకేసి అన్నం పెట్టు’ అన్నది. తెల్లారితె పెండ్లి. ఒక జీపు కార్బొరేటర్ దొరికింది, దీనికన్న పెద్దది. ‘ఇంకా మంచిదాయె, తాకత్ ఎక్కువ’ అన్నడు. బోల్టుల తూట్లు కలుస్తలేవు. నడుమ రేకు కోసి, అట్టముక్క ఏసి బిగించిండు. తెల్లారి నేను ఎడపల్లి కాడ రోడ్డు మీదనే ఉన్న. నా ముంగట్నుంచి పోయింది సూడు, పులి లెక్క గర్జించుకుంట! ఎనుక నల్ల పొగ. సమద్ కిటికిల తలకాయ పెట్టి, మొకం మీది పూల సెహ్రా రెండు చేతుల పట్టుకొని, ‘చాచా, ఆహిస్తా, ఆహిస్తా’ అని, మెల్లగ పొమ్మని మొత్తుకుంటుండు. మీ తాత ఇంటె గద! ఏంది? నమాజు లోపల చేరిండా అంటవా? చేరిండు బిడ్డా, దుల్హా టైముకు చేరిండు. మీ తాత మాట తప్పలే. బోధన్ల ఎవల్నన్న అడుగు... కారా? కారు సంగతి... అగో, ఆ ప్యాకింగులు ఎండల పెట్టినవేంది, ముడుసుకపోతయి. నీడకు జరుపు.”

రాజలింగు తనే లేచి వాటిని నీడకు జరిపాడు.

నాలుగు రోజులకు వేణు బోధన్ వెళ్లి ఆ పెండ్లి రోజు కారు సంగతి రుమానాను అడిగాడు. ఆమె నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది. కారు ఎడపల్లి దాటగానే ఆగిపోయింది. పెండ్లికొడుకు చెరుకు ట్రాక్టర్ మీద, గడల మోపుల పైన కూర్చుని వచ్చాడు. భీమన్న అతని పక్కన కూర్చుని దారి పొడవునా సెహ్రా ఎగరకుండా పట్టుకున్నాడు. ట్రాక్టర్ నడిపింది రాజలింగు.