వదిన గొంతు దాచిన పెట్టె

ఏంటమ్మడూ, ఫోన్లో చోటు లేదంటోందా? ఏదో పెద్దది కనిపిస్తోంది, ఏంటో తెలీదు, తీసేస్తే పోలా అంటావా? ఆగాగు, కాసేపు దాని జోలికి పోకు. ఇలా కూర్చో. మా అన్నయ్య సంగతి చెప్తాను, తర్వాత నీ ఇష్టం. అదే, టైపు మేష్టారు. నువ్వెరగవులే, మీ అమ్మ పెళ్ళికి ముందే పోయాడు. ముందు గదిలో టైపు నేర్పేవాడు. చోటు విషయంలో మహా పిసినారి. కాగితానికి రెండు వైపులా కొట్టాల్సిందే, అంచు వదిలారో అయిపోయారే. "ఈ తెల్లదంతా ఎవరికోసం దాచావమ్మా?" అనేవాడు. వదిన ట్రంకుపెట్టె సర్దితే అంతా విప్పి తను మళ్ళీ సర్దేవాడు, మూత మీద కూర్చుని మరీ గడియ వేసేవాడు. టైపు మిషన్లకి కాలం చెల్లుతోందని చివరికి ఓ కంప్యూటరు కొన్నాడు, అది వేరే కథ, దాన్ని మెట్లెక్కించడానికి మా నడుములు పడిపోయాయి. సరే, ఎక్కడున్నాను? ఆ, వదిన.

వదినకి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుంది గానీ గొంతు పోతుందన్నాడు డాక్టరు. మర్నాడే అన్నయ్య ఓ మైకు కొనుక్కొచ్చి కంప్యూటరుకి తగిలించాడు. వదిన మాటలు అందులో దాచుకుంటాట్ట. టేపులో పట్టొచ్చు కదా అన్నాను. "అమ్మ పాట ఏమైందిరా?" అన్నాడు. నిజమే, మా అమ్మ పాడిన టేపుని రికార్డరు నమిలి పారేసింది.

ఆ రోజుల్లో డిస్కులో చోటెక్కడిది? మాటలు నాలుగు పట్టేసరికి నిండిపోయేది. దానికో కిటుకు ఉండేదిలే. ఓ ప్రోగ్రాము వేస్తే, డిస్కులో ఉన్నదంతా నొక్కి ఒకే పెద్ద ఫైలుగా మూటకట్టి, ఆ మూటని కనపడకుండా దాచేసేది. మనకి మాత్రం అన్నీ ఎప్పటిలా విడివిడిగా కనిపించేవి. అడిగినప్పుడు అదే విప్పేది, అదే మళ్ళీ కట్టేది. చోటు రెండింతలైందని చూపించింది. అన్నయ్య మొహం చూడాలి, ట్రంకుపెట్టె గడియ పడినప్పటంత సంబరం. అక్షరాలు నొక్కితే కుంచించుకున్నట్టు గొంతు రికార్డులు కుంచించుకోవని, ఆ చూపించిన చోటు ఉత్త లెక్కేనని మాకేం తెలుసు?

వదినని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడమన్నాడు. ఆవిడ సిగ్గుపడి, "ఏం మాట్లాడను, గోడతోనా?" అంది. "తిట్టు. రోజూ తిట్టేదే తిట్టు" అన్నాడు. అంతే, అందుకుంది చూడు. "ఎంతసేపూ ఆ పెట్టె ముందేనా? నీళ్ళు చల్లారిపోతున్నాయి, లేచి ఏడవండి. పెళ్ళినాడు కూడా మీరు తలెత్తి నన్ను చూళ్ళేదు." నేను నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. ఆపరేషన్ దాకా రోజూ తిట్టించుకున్నాడు.

ఆపరేషన్ అయింది, వదిన ఇంటికొచ్చింది. భోజనానికి పిలవాలంటే కంచం మీద గరిటెతో కొట్టేది. ఓ ఉదయం కంప్యూటరు మొరాయించింది. నిండా కుక్కేశాం కదా, లేవనంది. మొరాయిస్తే దీంతో లేపుకోండని కంప్యూటరు అమ్మిన షాపువాడు ముందే ఓ ఫ్లాపీ ఇచ్చాడు. అన్నయ్య దాంతో లేపాడు. లేచింది గానీ, ఆ ఫ్లాపీలో మూట విప్పే ప్రోగ్రాము లేదు. ఇంకేముంది, వదిన మాటలు లేవు, టైపు పాఠాలు లేవు, డిస్కంతా ఆక్రమించుకుని ఒక్క ఫైలు, పిచ్చిపిచ్చి పేరుతో. అన్నయ్య ఏమనుకున్నాడంటే, ఈ దరిద్రమేదో వచ్చి కూర్చుంది, దీని మూలంగానే నా చోటు పోయింది, దీన్ని తోసేస్తే కింద నా ఫైళ్ళు బయటపడతాయి. అది దాక్కున్న ఫైలు, ఊరికే చెరగదు. ఏవో కమాండ్లు కొట్టి దాని తాళం తీసి మరీ చెరిపాడు. అంత తెలివి ఎందుకొచ్చిందో. షాపువాడొచ్చి చూసి, "మేష్టారూ, మొత్తం అందులోనే ఉంది కదండీ" అన్నాడు. అప్పటికే అన్నయ్య ఆ ఖాళీలో ఏవేవో ఎక్కించేశాడు. ఇంక తిరిగి తేలేమన్నాడు షాపువాడు.

అన్నయ్య నన్ను వాకిట్లోకి లాక్కెళ్ళి, "వదినకి చెప్పకు" అన్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. లోపలికెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం అంతే. వదిన కూరలు తరుగుతూ గుమ్మంలోంచి చూస్తుంటే, వింటున్నట్టే తలూపేవాడు, మధ్యలో నవ్వేవాడు. అది చూడలేక నేను ఆ వేళకి వాళ్ళింటికి వెళ్ళడం మానేశాను. పోయేదాకా అలాగే కూర్చున్నాడమ్మా.

అన్నయ్య పోయిన కొన్నాళ్ళకి వదిన కబురు పెట్టింది. వెళ్తే, అన్నయ్య కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుంది. ఇక చెప్పక తప్పదు, ఎలా చెప్పేదిరా దేవుడా అనుకుంటున్నాను. బల్ల వెనక్కి చెయ్యి పోనిచ్చి హెడ్‌ఫోన్ల వైరు లాగింది. దాని కొస దేనికీ తగిలించి లేదు. ఆ కొస నా అరచేతిలో పెట్టింది. తర్వాత చీపురు పట్టుకున్నట్టు చెయ్యి ఆడించి, కింద పడున్న వైరు ఎత్తి బల్లమీద పెడుతున్నట్టు చూపించింది. రోజూ ఊడ్చేటప్పుడు తనే ఎత్తి పెట్టేదన్నమాట.

ఆవిడ తిట్లు ఒక్కటి పొల్లు పోకుండా అప్పచెప్తాను నీకు. ఆ గొంతు మాత్రం, ఎంత తలుచుకున్నా... 

ఆ కిటికీ రెక్క వేసెయ్యి, గాలి కొడుతోంది. ఇంతకీ ఆ పెద్దది ఏంటో చూశావా?