నిండా పోసిన టీ

ద్రాక్ష పందిరి కింద బల్లమంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఎర్గాష్ నోటికి అడ్డూ ఆపూ ఉండదని మార్గిలాన్‌లో ఆ వీధి వీధంతటికీ తెలుసు. అయితే ఆ సాయంత్రం పొరుగింటి ఖోల్మత్, పక్క వీధి నార్బాయ్ వచ్చింది కోతలు వినడానికి కాదు. ఎర్గాష్ భార్య సలోమత్ తలలో ఒక రక్తనాళం ఉబ్బింది. తాష్కెంట్ డాక్టర్లు ఆపరేషన్ అంటే ఆవిడ మొదట ససేమిరా అంది. పొద్దున్నే తాష్కెంట్ రైలు. ఎక్కుతుందో లేదో ఇంకా తేల్చలేదు. మంచం చివర కూర్చుని అక్రోట్లు పగలగొడుతోంది.

ఎర్గాష్ ఊరి మర్యాద ప్రకారం అందరి గిన్నెల్లో రెండేసి గుక్కల టీ మాత్రమే పోశాడు.

"నాకు నిండా పొయ్యకు అన్నా," అన్నాడు ఖోల్మత్. "తాగేసి లేచిపొమ్మన్నట్టు ఉంటుంది. ఇంకా నీ కథ మొదలే కాలేదు."

"నా ఇంట్లో ఎవరికైనా నిండా పోశానట్రా ఎప్పుడైనా? సరే విను. మన పెద్దకాలువ పంపుహౌసులో మోటారు గడగడ వణికేది. లోపల నీళ్ళు ఎక్కడ సుడి తిరుగుతున్నాయో తెలీక ఇంజనీర్లు కంప్యూటర్లో ఆ నీళ్ళని చిన్న చిన్న గళ్ళుగా కోసి, గడి గడికీ లెక్క కడుతున్నారు. నేను ఒక్క చూపు చూసి, అదిగో ఆ వంపు దగ్గర అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మోటారు ఆగిపోయింది," అన్నాడు నార్బాయ్.

"వణుకు ఆగింది! ఆ సంగతి విమానాలు చేసేవాళ్ళ చెవిన పడింది. రెక్క మీద గాలి ఎలా పారుతుందో తేలక వాళ్ళ కంప్యూటర్ నానా తంటాలూ పడుతోంది. నేను వేలు తడి చేసుకుని కిటికీలోంచి బయటికి పెట్టి, రెక్క కొస జానెడు పైకి వంచండి అన్నాను. ఇవాళ మన నెత్తి మీద పోయే విమానాలు చూడు, కొస పైకే ఉంటుంది."

"చూశాలే. వంచింది నువ్వని తెలీదు," అన్నాడు ఖోల్మత్.

"ఇక గుండెకి కవాటాలు చేసేవాళ్ళు. నెత్తురు వాటి దగ్గర గడ్డకడుతోందని కాళ్ళావేళ్ళా పడ్డారు. వాళ్ళ కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఒక్క కసురు కసిరాను. నెత్తురు బుద్ధిగా బారులు తీరింది. అంతెందుకు, మొన్నటి గాలివాన నన్ను చూసి పక్క వీధిలోంచి పోయింది."

"అందుకేనా మా రేకులు ఎగిరాయి," అన్నాడు నార్బాయ్.

సలోమత్‌కి నవ్వొచ్చింది. ఈ నోటిని చూసే కదా తను పెళ్ళికి ఒప్పుకుంది. ఇప్పటికీ ఈ అబద్ధాలంటే ఆవిడకి ప్రాణం.

ఎర్గాష్ ఆ నవ్వు చూసి ఇంకా రెచ్చిపోయాడు. "మొన్న తాష్కెంట్‌లో డాక్టరు సలోమత్ నాళాన్ని కంప్యూటర్లో గీసి, నెత్తురు గోడకి కొట్టే చోట ఎర్రగా చూపించాడా, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఈ లెక్క మీదే కదా గురువుగారూ అన్నాడు. లోపల సన్నటి జాలీ గొట్టం పెడితే నెత్తురు ఉబ్బులోకి పోకుండా తిన్నగా పోతుందట, ముందే తెర మీద పెట్టి చూశారట. ఆ నెత్తురు నా మాట జవదాటదు. ఇంక భయమేంటి?"

అంటూనే సలోమత్ గిన్నె అందుకుని టీ పోశాడు. పోస్తూనే ఉన్నాడు. అంచు దాటి గుడ్డ మీద పడ్డాక గానీ చెయ్యి ఆగలేదు.

సలోమత్ గిన్నె వైపు చూసింది. "ఏమయ్యా, ఇంజనీర్లు లెక్కలు కడుతుంటే బయట జీపులో గురకపెట్టిన డ్రైవరువి నువ్వు. లోకంలో నెత్తురంతా నీ మాట వింటుంది గానీ, ఈపాటి టీ వినలేదేం? నన్ను పొమ్మంటున్నావా?"

ఖోల్మత్ పకపకా నవ్వి, ఎర్గాష్ మొహం చూసి ఊరుకున్నాడు.

ఎర్గాష్ కెటిల్ కింద పెట్టాడు. "డాక్టరు లేవలేదు. నేనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. గొట్టం సంగతి మాత్రం నిజం సలోమత్. తెర మీద ఆ గొట్టం పెట్టగానే ఎర్రమచ్చ తగ్గిపోయింది. నువ్వు బయట కూర్చున్నావు గానీ నేను కళ్ళారా చూశాను. అక్కడే ఏడ్చేశాను. నువ్వు లేకపోతే ఈ కోతలు ఎవరికి చెప్పుకోను?"

సలోమత్ గిన్నెలో టీ అంతా కెటిల్లోకి ఒంపేసి, ఖాళీ గిన్నె అతని ముందుకు చాపింది.

"పొద్దున రైలుకి నా సంచి నువ్వే మొయ్యాలి," అంది. "ఇప్పుడు సరిగ్గా పొయ్యి. కొంచెమే. మళ్ళీ అడుగుతాను."