విశ్వాన్ని ఆపిన గుడ్డముక్క

ఏడవకమ్మా, ముందు కూర్చో. ప్రొఫెసరు గారి బోర్డు ఎవరో తుడిచేశారు, గది ఊడ్చేది నువ్వు గనక నువ్వేనంటున్నారు, పదకొండింటికి పైకి రమ్మన్నారు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. అంతేగా? ఈ క్యాంటీన్‌లో అందరి ముందూ చెబుతున్నా, ఆ బోర్డు తుడవబట్టే మనమంతా బతికున్నాం!

"మొదలెట్టాడ్రా ఏసీ బాబాయ్," అన్నాడు లిఫ్టు అతను.

నవ్వు నాయనా, నవ్వు. మొన్న గురువారం ఏసీ ఫిల్టర్ కడగడానికి ఆ గదికెళ్ళాను. బోర్డు నిండా లెక్కలు, మూలన గడి గీసి 'తుడవొద్దు' అని రాసుంది, ఈ బిల్డింగులో ఆ మాట రాస్తే దేవుడు కూడా చెయ్యి పెట్టడు కదా. విశ్వం ఉబ్బిపోతోందట, డార్క్ ఎనర్జీ అని కంటికి కనబడనిదేదో దాన్ని లోపల్నుంచి తోస్తోందట. ముప్పై ఏళ్ళుగా గ్యాసు నింపుతున్నవాణ్ణి, ప్రెషర్ సంగతి నాకు చెప్పాలా? చూడగానే తెలిసిపోయింది, ఒకచోట గుర్తు తప్పు. గుడ్డతో ఆ ఒక్కటీ తుడిచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉబ్బడం ఆగిపోయింది!

"ఎక్కడ? బోర్డు మీదా?"

బోర్డు మీదేంటయ్యా, ఆకాశంలో! నక్షత్రాలన్నీ వెనక్కి తిరిగాయి, చంద్రుడొచ్చి మేడమీద ఆరేసిన దుప్పట్లలో చిక్కుకున్నాడు, విశ్వం కుంచించుకుపోయి గుమ్మడికాయంత, నిమ్మకాయంత, చివరికి ఆవగింజంతయి నా అరచేతిలో కూర్చుంది.

"విశ్వమంతా నీ చేతిలో ఉంటే నువ్వెక్కడ నిలబడ్డావ్?"

స్టూలు మీద. మధ్యలో అడ్డు రాకు. నేలకేసి కొట్టానా, బంతిలా ఎగిరి మళ్ళీ విచ్చుకుంది. ఇప్పుడు మనమున్నది ఆ రెండో విశ్వం. నమ్మరా? మొదటిదాంట్లో మీ పిన్ని నా మాట వినేది!

అందరూ పగలబడి నవ్వారు. ఊడ్చే అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"తుడిచింది ఒక్క గుర్తేగా బాబాయ్? మరి బోర్డంతా ఎలా పోయింది?"

ఒక్కదానితో ఆగుతుందా తల్లీ? ఏసీలోంచి నీళ్ళు ధారగా కారి లెక్కలన్నీ అలుక్కుపోతుంటే, ఎవరైనా చూస్తారేమోనని ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే తుడుపు...

బాబాయ్ నాలిక కరుచుకున్నాడు.

"ఇదీ కోతేనా?" అందా అమ్మాయి.

"లేదమ్మా," అన్నాడు తల దించుకుని. "అదొక్కటే నిజం."

"అయితే లే, టైమైంది. పైన కూడా ఆ ఒక్కటే చెప్పు బాబాయ్. నీకు దండం పెడతా, ఇంకో ముక్క కలిపావంటే నిన్నెవరూ నమ్మరు, నా ఉద్యోగం పోతుంది."