టాలన్ పబ్బులో ఎడతెగని బాణీ

ఐర్లండ్‌లోని క్లేర్ జిల్లాలో మా ఊరి పబ్బును టాలన్ పబ్బు అంటాం. టాలన్ అమ్మేసి చాలా కాలమైంది. తర్వాత ముగ్గురు కొన్నారు, ముగ్గురూ అమ్ముకున్నారు, ఒకాయన గుమ్మం మీద బోర్డు కూడా మార్చాడు. అయినా మా నోటికి అది టాలన్‌దే. ఇప్పుడు కొన్నది బ్రోనా. తండ్రి ఇచ్చిన పొలం అమ్మి మరీ కొంది. ఆ గురువారం సాయంత్రం తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తూ నన్ను అడిగింది:

"మలాకీ గారూ, ఒకప్పుడు గురువారం వస్తే ఇక్కడ నిలబడ్డానికి చోటుండేది కాదట గదా. ఆ వాయిద్యాలవాళ్ళంతా ఇప్పుడు వంతెన అవతలి పబ్బుకి పోతున్నారు. ఎందుకు పోయారు? ఎవర్నడిగినా నవ్వి ఊరుకుంటున్నారు. వాళ్ళు తిరిగి రాకపోతే వేసవి దాటాక నేనూ అమ్ముకోవాల్సిందే."

అడగాల్సినవాణ్ణే అడిగింది. గాల్వే కాలేజీలో చరిత్ర చదివినవాణ్ణి నేను. పరీక్ష రోజున మా ప్రొఫెసరే నన్ను సందేహాలడిగాడు, అది వేరే సంగతి. కిటికీ పక్కన డింఫ్నా కూర్చుని ఉంది. ఫిడేలు పడితే మా చుట్టుపక్కల ఆవిడకు ఎదురు లేదు. కొత్త ఓనరమ్మ ఎలాంటిదో చూసిపోదామని వచ్చింది. ఆవిడ ఊఁ అంటే లోపలికి రావడానికి మిగతా వాయిద్యాలవాళ్ళు బయట కార్లో ఉన్నారు. ఇంకో బల్ల దగ్గర పోస్ట్‌మన్ కోల్మన్. నేను ఫ్లూటు చేతిలోకి తీసుకున్నాను.

"చెప్తా విను. టాలన్ ఉన్న రోజుల్లో ఒకసారి నేను చిన్న బాణీ ఒకటి ఎత్తుకున్నా. మా పద్ధతి నీకు తెలుసుగా, ఎత్తుకున్నవాడే దించాలి. వాడు కాలు పైకెత్తి సైగ చేస్తే అందరూ ఆపాలి, అప్పటిదాకా ఎవరూ ఆపకూడదు. అంత హాయిగా సాగుతోంది, నేను కాలెత్తడం మర్చిపోయా."

"అయ్యయ్యో, మరి?" అంది బ్రోనా.

"మరేముంది, సాగింది. తెల్లారింది. బాణీ మధ్యలో దీపాలార్పే పబ్బు యజమాని ఐర్లండ్‌లో ఎక్కడైనా ఉంటాడా? టాలన్ ఆర్పలేదు. ఆదివారం మేం చర్చికి పోలేకపోతే ఫాదరే ఇక్కడికొచ్చి ప్రార్థన చేయించాడు, మా తాళానికే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిడేళ్ళ కమానుల్లో వెంట్రుకలన్నీ అరిగిపోయాయి. గుర్రపు తోక వెంట్రుకలే కదా అవి! ఊళ్ళో గుర్రాలు వరసగా వచ్చి, ఆ కిటికీలోంచి తోకలు లోపలికి పెట్టి నిలబడ్డాయి."

"ఎవరి గుర్రాలు?" అన్నాడు కోల్మన్.

"పేరు చెబితే ఇప్పుడు పోయి వాటినడుగుతావా ఏంటయ్యా? పాపం టాలన్ నిద్ర లేక చిక్కిపోయి, అమ్మేస్తానన్నాడు. కొనేవాడొచ్చాడు. బాణీ అయ్యాక సంతకం పెడదామని ఈ మెట్టు మీదే కూర్చున్నాడు. కూర్చున్నవాడికి గడ్డం పెరిగింది, గడ్డం నెరిసింది. చివరికి మేం వాయిస్తుండగానే సంతకాలయ్యాయి. రెండో ఓనరు పెళ్ళి మా బాణీకే జరిగింది, పిల్లలు ఆ తాళానికే నడక నేర్చారు. ఇప్పటికీ ఆ పిల్లలు ముగ్గురూ రోడ్డు మీద మామూలుగా నడవలేరు, ఎగురుతారు."

"మీరు తిండీ నీళ్ళూ?" బ్రోనా గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఊపిరి తీసే సందులో బంగాళదుంప ముక్క నోట్లో వేసేవారు. అసలు సంగతి విను. మూడో ఓనరొచ్చేసరికి మా మోత సముద్రం దాకా పాకింది. అలలు తాళం తప్పకూడదని ఆగిపోయాయి. పోటు లేదు, ఆటు లేదు. దీవిలోవాళ్ళు పడవ దండగని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చారు. ఆవుల పొదుగుల్లోనే పాలు చిలికినట్టయి, పితికితే వెన్న వచ్చింది. ఉప్పు కూడా సరిపోయింది! నాలుగో ఓనరు టైములో శ్మశానంలోంచి టాలన్ వాళ్ళ తాతగారు లేచొచ్చి, కొంచెం నెమ్మదిగా వాయించండి నాయనా, కింద అందరికీ మోకాళ్ళ నొప్పులు, అన్నాడు. ఆ పెద్దాయన మీద గౌరవంతో నేను కాలెత్తా. ఆగింది."

"మరి ఎందుకు వెళ్ళిపోయారు?"

"ఇంకేం మిగిలిందమ్మా ఇక్కడ? ఈ గోడల్లో ఉన్న సంగీతమంతా ఆ ఒక్క బాణీలో తోడేశాం. మళ్ళీ ఊరేదాకా అవతలి పబ్బులో కాలక్షేపం చేస్తున్నారు. ఏం డింఫ్నా, అంతేనా?"

డింఫ్నా బ్రోనా వైపు తిరిగింది.

"అమ్మాయ్, టాలన్ ఏమనుకున్నాడో తెలుసా? టీవీ వల్ల పోయామనుకుని టీవీ తీయించాడు. తర్వాతాయన పొగ అనుకుని చిమ్నీ కొత్తగా కట్టించాడు. మూడో ఆయన కుర్చీలు మార్చాడు. నాలుగో ఆయన మాకు ఊరికే బీరు పోశాడు. పాపం, అందరూ మంచివాళ్ళే."

"మరి?"

"మలాకీ చేతిలో ఫ్లూటు చూశావుగా. ఆయన దాన్ని ఊదడం నేను ఇంతవరకు వినలేదు. మాట్లాడేటప్పుడు చూపించడానికి వాడతాడు. మేం ఏ బాణీ ఎత్తినా రెండో చుట్టు పూర్తవకముందే 'ఆ తర్వాత ఏమైందో తెలుసా' అంటాడు. నలుగురు ఓనర్లు మారారు, ఆ కుర్చీలో మనిషి మారలేదు."

కోల్మన్ బీరు ముక్కులోకి పోయి దగ్గాడు. బ్రోనా నన్ను అలాగే చూసింది. కోపం కాదు, చాలాకాలంగా వెతుకుతున్న తాళంచెవి జేబులోనే దొరికినట్టు చూసింది.

"మలాకీ గారూ, మీరు పోనక్కర్లేదు. కానీ వాళ్ళు వాయిస్తున్నంతసేపు మాట్లాడకూడదు. ఉండగలరా?"

డింఫ్నా తలుపు తీసి కారు వైపు చెయ్యూపింది. వాళ్ళొచ్చి గుండ్రంగా కూర్చున్నారు.

"మాట్లాడకుండా ఉండడమా!" అన్నాను. "అందులో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడు. ఒకసారి లిమరిక్‌లో నేను ఎంత మౌనంగా ఉన్నానంటే, ఊళ్ళో గడియారాలన్నీ కంగారుపడిపోయాయి. ఆ తర్వాత ఏమైందో..."

ఫిడేలు ఎత్తుకుంది. దాని వెంటే అన్నీ ఎత్తుకున్నాయి. ఏమైందని ఒక్కరూ అడగలేదు.