తలకిందుల సముద్రం

మోకాలికి కట్టుతోనే బల్లెక్కి, భార్య వేసిన బొమ్మను ముందుగది గోడకు తగిలించాడు పడవ సరంగు. బొమ్మలో మనుషుల్లేరు, పడవల్లేరు. సగం నీలం, సగం ఎరుపు, అంతే.

“తలకిందులుగా పెట్టావయ్యా.”

“సరిగ్గానే పెట్టానే. నీలం నీళ్ళు, ఎరుపు మన దీవి. ముందు నీళ్ళు, ఆ పైన ఎక్కడో దూరంగా ఇల్లు.”

“అది పడవలో ఉన్నవాడికి. గుమ్మంలో నిలబడ్డదానికి కాళ్ళ దగ్గర నేల, పైన ఎక్కడో నీళ్ళు. నేను వేసింది అదీ.”

“ఇన్నేళ్ళూ సముద్రం నీకలా కనిపించిందా?”

“నీకు ఇల్లు ఇలా కనిపించలేదూ?”

“అవున్లే. రేపట్నుంచి పడవ నువ్వు నడుపుతావంటే రేవులో మగాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.”

“వేసుకోనీ. నీ కాలు బాగయ్యేదాకా పడవని ఒడ్డున ఎండబెట్టమంటారా? చుక్కాని పట్టడం నేర్పింది నువ్వేగా.”

“నేర్పాను. నువ్వే నాకు వంట నేర్పలేదు.”

“సాయంత్రం నేర్పుతాలే. బొమ్మనలాగే ఉంచు. రేపట్నుంచి నాకు కనిపించేది అలాగే.”

ఆయన మళ్ళీ బల్లెక్కాడు.

“ఇంకెందుకయ్యా ఎక్కడం?”

“తిప్పడానికి. రేపట్నుంచి గుమ్మంలో నిలబడేది నేనేగా.”