రెక్క విప్పితే తెలుపు

తిరువూరు శివారులో వరిచేను గట్టు మీద మామా కోడలూ నిలబడి ఉన్నారు. ఫొటో తీద్దామని కోడలు ఫోను పైకెత్తింది.

“ఇదేం కొంగ మామయ్యా? మట్టిరంగులో ఉంది.”

“గుడ్డికొంగమ్మా. కూర్చుంటే మట్టిముద్దలా ఉంటుంది. ఎగిరిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. అదే గుర్తు.”

“ఇంత దగ్గరికొచ్చినా ఎగరట్లేదేంటి?”

“దాని తీరే అంత. కాలు తగిలేదాకా కదలదు. చప్పట్లు కొట్టి చూడు.”

“కొట్టాను. కదల్లేదు.”

“పక్కన మట్టిబెడ్డ వెయ్యి.”

“అయ్యో, ఒరిగిపోయింది మామయ్యా! రెక్క విచ్చుకుంది. లోపలంతా తెలుపే.”

ఆయన వంగి కొంగను తిరగేసి చూశాడు. ప్రాణం లేదు.

“నిన్న చేలో పురుగుకి గుళికల మందు చల్లారుగా మామయ్యా. నీళ్ళు బయటికి పోకుండా కట్టారా?”

“కట్టానమ్మా. అదుగో, ఎలక బొక్కలోంచి కాలవలోకి కారిపోతున్నాయి.”

“పొద్దున మీరు పట్టి ఇంటికి పంపిన చేపలు ఈ కాలవలోవేనా?”

“వల కూడా వెయ్యలేదమ్మా. చేత్తో పడుతుంటే ఒక్కటీ పారిపోలేదు. ఇవాళ మన అదృష్టం బాగుందనుకున్నా.”

“అత్తయ్యకి ఫోన్ చేస్తున్నా. రింగవుతోంది, ఎత్తట్లేదు.”

“ఎత్తదమ్మా. మనవరాలికి అన్నం కలిపి పెట్టేటప్పుడు ఫోను ముట్టుకోదు.”